ఎండాకాలంలో ఆగిన క్రిస్మస్ పాట

1956వ సంవత్సరం మే నెల పదహారో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు, ఎమ్మిగనూరు ఆసుపత్రి వేపచెట్టు కింద మా కోడలు రాహేలు క్రిస్మస్ పాటను మూడో చరణం అయిపోగానే ఆపేసింది. నాలుగో చరణం పాడలేదు. అది ఆపింది కాబట్టి నేను బతికాను. సూదిమందు కూడా బతికించింది, కాదనను. డాక్టరమ్మ ఇది చదివితే, మందు మాట ఎందుకు రాయలేదని అడుగుతుంది. అందుకని రెండూ రాశాను.

నా పేరు మార్తమ్మ. ఊరు ఆదోని. పన్నెండేళ్ల వయసు నుంచి పత్తిలో గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో పని చేశాను. ఇప్పుడు నాకు యాభై ఆరు. అక్షరాలు నేర్చుకున్నది యాభై నాలుగో ఏట, ఆ ఆసుపత్రి మంచం మీదనే. తప్పులుంటే సర్దుకోండి. ఇది రాయమని అడిగింది ఆ ఆసుపత్రి నర్సు గ్రేసమ్మ. మందు సగంలో వదిలేసి ఇంటికి పోతామని మూట కట్టుకునేవాళ్లకు చదివి వినిపిస్తుందట. నేనూ మూట కట్టినదాన్నే. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

1955 డిసెంబరు

మా పేటలో క్రిస్మస్‌కు ముందు పది రోజులు పొద్దు గూకగానే పాటలవాళ్లం ఇల్లిల్లూ తిరుగుతాం. ఒక డప్పు, ఒక కంజీర, రెండు లాంతర్లు. ప్రతి ఇంటి ముందూ ఒక పాట. మాకొక కట్టుబాటు ఉంది. పాట ఎవరు ఎత్తుకుంటే వాళ్లే చివరిదాకా పాడి దించాలి. నాలుగు చరణాలకూ ముందు ఎత్తుకున్న మనిషి గొంతు, వెనక అందరి గొంతులు. మధ్యలో ఇంకొకరు అందుకోకూడదు. ఎత్తుకున్న మనిషి మంచాన పడి ఇక లేవదని తేలితే మాత్రం, ఆ మనిషి చెయ్యి పట్టుకొని ఇంకొకరు మిగిలింది పాడి దించవచ్చు. అట్లా దించడం నేను ఒక్కసారే చూశాను. మా అమ్మ చెయ్యి పట్టుకొని నేనే దించాను. మూడో రోజు అమ్మ పోయింది. అప్పటి నుంచి ఇరవై ఏళ్లుగా పాట ఎత్తుకునేది నేనే.

దగ్గు నాకు కొత్త కాదు. జిన్నింగులో దూది పీచు గాలిలో ఎగురుతూనే ఉంటుంది. ఆడవాళ్లం కొంగు ముక్కుకు అడ్డం కట్టుకొని మిషన్లకు పత్తి పోస్తాం. గడప లోపల కాలు పెట్టగానే చెయ్యి తనంతట తానే కొంగు మీదికి పోతుంది. అయినా అందరికీ దగ్గే. నా దగ్గు వేరే దగ్గని ఎవరికీ తెలియలేదు, నాకు కూడా.

ఆ ఏడు మూడో రోజున మా పేట ముసలాయన ఆశీర్వాదం ఇంటి ముందు పాట ఎత్తుకున్నాను. రెండో చరణం అయింది. మూడోదానికి ఊపిరి పీల్చాను, ఊపిరి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గాను. డప్పు కొట్టే ఏసోబు దగ్గరికి వచ్చాడు. వరసకు తమ్ముడు.

"ఏమక్కా, ఆపితివి?"

"గొంతులో పీచు పడిందిలేరా. కొట్టు నువ్వు."

వాడు లాంతరు ఎత్తి నా కొంగు చూశాడు. "పీచు ఎర్రగుంటాదా అక్కా?" అన్నాడు.

పాట అక్కడే నిలిచిపోయింది. ఆ ఏడు మిగతా ఇళ్లకు ఎవరూ పోలేదు.

1956 జనవరి, ఫిబ్రవరి

కర్నూలులో రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించుకోవాలన్నారు. నా కొడుకు దేవదానం పత్తి ప్రెస్సులో బేళ్లు మోసే హమాలీ. వాడు పని మానుకొని నాతో వచ్చాడు. రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. నా పక్కన ఎవరు కూర్చున్నా నేను దగ్గగానే లేచి ఇంకో పక్కకు పోయేవాళ్లు. ఒక్క ముసలాయన మాత్రం లేవలేదు. ఆలూరు దగ్గరి సేద్యగాడు. తన సద్దిలో సగం రొట్టె విరిచి నా చేతిలో పెట్టాడు. "నాదీ ఇదే రోగమే లేమ్మా. ఇద్దరం ఒకరికొకరం ఇచ్చుకొనేది ఏముండాది" అని నవ్వాడు. ఆయన పేరు అడగలేదు. అడిగి ఉండాల్సింది.

క్షయ అన్నారు. గొంతుకూ సోకిందన్నారు.

ఇంటికి వచ్చేసరికి రాహేలు నా కంచం, చెంబు వేరే గూట్లో పెట్టింది. నా పడక వసారాలోకి మార్చింది. రెండేళ్ల మనవరాలు చిట్టెమ్మ నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వస్తే నడుం పట్టి వెనక్కి లాక్కొంది. నేను నోటికి వచ్చినట్టు తిట్టాను.

"కుక్కకు పెట్టినట్టు పెడతాండావే నాకు? నీ పెళ్లికి నేను ఇచ్చిన కంచమే కదే అది?"

అది అన్నం పెట్టి, దూరంగా నిలబడి, నేను తినేదాకా చూసి పోయింది. దేవదానం మా ఇద్దరి మధ్య గోడ మాదిరి నిలబడేవాడు, ఎటూ మాట్లాడలేక. ఇప్పుడు చెబుతున్నాను: రాహేలు చేసింది సరైన పని. మీ కోడలు అట్లా చేస్తే తిట్టకండి. అప్పుడు నాకు ఆ బుద్ధి లేదు. నేను దానితో మాట మానేశాను.

మార్చి, ఏప్రిల్

ఎమ్మిగనూరులో చేర్చారు. రోజూ సూది, రెండు పూటలా మందు బిళ్లలు. ఆరు నెలలకు తక్కువ కాదని, మధ్యలో మానేస్తే రోగం మళ్లీ తిరగబడుతుందని, అప్పుడు ఆ మందు పట్టదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. గొంతు మానేదాకా నోరు తెరవకూడదు. మాటా లేదు, పాటా లేదు. సూదికి నేను ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చాను. నోరు లేకపోతే నాకింకేముంది?

నా పక్క మంచం కౌతాళం గౌరమ్మది. సగం కన్నడం, సగం తెలుగు. పొద్దు పొడిచింది మొదలు మాట్లాడుతూనే ఉండేది. నేను బదులు చెప్పలేనని తెలిసి, "నీతో జగళ ఆడేకి కూడా కుదరదు కదవ్వా, ఏం బతుకు నాది!" అని వాపోయేది. జగళ అంటే పోట్లాట.

నేను చేతులు ఊపి, కళ్లు ఉరిమి, మంచం కోడు కొట్టి నర్సును పిలిచేదాన్ని. గ్రేసమ్మకు విసుగొచ్చి ఒక పలక, బలపం తెచ్చి ఒళ్లో పడేసింది. "ఇది నేర్చుకో పెద్దమ్మా. అప్పుడు ఎంత కావాలంటే అంత తిట్టుకో" అంది. రోజుకు రెండు అక్షరాలు నేర్పింది. దిద్ది దిద్ది వేలు కాయ కాసింది. పత్తి పోసిన చేతికి బలపం పట్టుకోవడం రాదు, జారిపోతుంది. నెల రోజులకు మొదటి మాట సొంతంగా రాశాను: ఉప్పు లేదు. గ్రేసమ్మ ఆ పలక పట్టుకొని వంటింటికి పోయి చూపించింది. ఆ పూట పప్పులో ఉప్పు పడింది. రాతకు అంత బలముందని నాకు అంతవరకు తెలియదు.

కానీ ఏప్రిల్ చివరికి నా ధైర్యం పోయింది. సూది మందు చెవులకు ఎక్కి రోజంతా కీచుమని మోత. పాట పాడే మనిషికి చెవి పోతే ఏం మిగులుతుంది? దేవదానం ఐదు వారాలుగా రాలేదు. ఆదోని నుంచి ఎవరినో చూడటానికి వచ్చిన ఒకామె నా మంచం దగ్గర ఆగి, "మీ కోడలు నీ పరుపు, బొంత బయటేసి కాల్చేసింది" అని చెప్పి పోయింది. నేను పోయినట్టే లెక్క అనుకున్నాను. చచ్చేదేదో నా గడపలోనే చస్తాను, దాని కళ్లెదురుగా చస్తాను అనుకున్నాను. రెండు చీరలు, కంచం మూట కట్టి మంచం కింద పెట్టాను. ఆదోని నుంచి ఏ బండి వచ్చినా ఎక్కేయాలని కాచుకున్నాను.

మే పదహారు

పొద్దున పదకొండుకు, ఎండ పెనం మాదిరి కాలుతున్న వేళ, ఆసుపత్రి గేటు దగ్గర డప్పు మోగింది. క్రిస్మస్ దరువు. చెవి మోతలో నాకే అట్లా వినిపిస్తోందేమో అనుకున్నాను. గౌరమ్మ లేచి కూర్చుంది.

"ఏనవ్వా ఇది? మీ దేవుడు మే నెలలో కూడా పుడతాడా?"

పత్తి లారీ వచ్చి ఆగింది. తోలేది ఖాదర్ సాబు. గోనె బోరాల్లో పత్తి ఎక్కించుకోవడానికి ఎమ్మిగనూరు వస్తూ మా వాళ్లను ఖాళీ లారీలో ఎక్కించుకొని వచ్చాడు. దేవదానం దిగాడు. ఏసోబు డప్పుతో దిగాడు. జిన్నింగులో నాతో పనిచేసే సుగుణమ్మ, దీనమ్మ దిగారు. ఆశీర్వాదం కర్ర పట్టుకొని దిగాడు. కడాన రాహేలు. అందరి తలల్లో దూది. పండగ చీరలు కట్టుకొని చెమటతో తడిసిపోయి ఉన్నారు.

నాకు పట్టరాని సంతోషం వేసింది. నేను నోరు తెరవకుండా చేతులు జోడించాను. అప్పుడు ఏసోబు నేల చూస్తూ అన్నాడు.

"అక్కా, పాట నిలిచిపోయి ఐదు నెలలాయె. పేటలో పెద్దోళ్లందరూ అనుకొన్యారు. నువ్వు చెయ్యి ఇస్తే... రాహేలు దించుతాది."

చెయ్యి. ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. డిసెంబరు దాకా నేను ఉండనని తీర్మానించుకొని, క్రిస్మస్‌ను మే నెలకు తోలుకొచ్చారు. నేను పలక అందుకొని బలపం విరిగేటట్టు రాసి వాళ్ల ముఖాల ముందు పెట్టాను. అందరూ పలక వైపు, ఒకరి వైపు ఒకరు చూశారు. ఒక్కరికీ చదువు రాదు. ఆశీర్వాదం పలకను తిరగేసి కూడా చూశాడు. చివరికి గ్రేసమ్మ వచ్చి గట్టిగా చదివింది.

"నేను ఇంకా చావలేదు, అని రాసింది మీ పెద్దమ్మ."

సుగుణమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. దేవదానం, "అట్ల కాదుమా..." అని ఆగిపోయాడు. ఎట్లానో వాడికీ తెలియదు. ఆ గొడవకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. సంగతి విని, ఎండ తగ్గేదాకా పాట లేదంది. పాడేది బయట చెట్టు కింద, ఈమె మాత్రం పెదవి కదపకూడదంది. అంతలో ఏదో గుర్తొచ్చి నవ్వింది.

"క్రిస్మస్‌కు వచ్చారు కదా, మా క్రిస్మస్ కూడా ఇవాళే. సినిమాల డబ్బా నిన్ననే వచ్చింది."

ఆ డబ్బా ఆసుపత్రి ఆసుపత్రికి తిరిగి వస్తుందట. డిసెంబరులో రావలసింది, మా వంతుకు వచ్చేసరికి మే అయింది. మధ్యాహ్నం పెద్ద హాలు కిటికీలకు కంబళ్లు కట్టారు. గోడకు తెల్లటి దుప్పటి. బయట కరెంటు ఇంజను డబడబ కొట్టుకుంటోంది. లోపల ఉడికిపోతున్నాం. మా రోగం వాళ్లను తలుపు అవతల వరండాలో బెంచీల మీద వేరేగా కూర్చోబెట్టారు. అక్కడి నుంచి దుప్పటీ కనిపిస్తుంది, మా వాళ్ల వీపులూ కనిపిస్తాయి.

మొదటిది పశువుల కొట్టంలో బిడ్డ పుట్టిన కథ. అందరం ఎరిగినదే. అయినా గాడిద తల తిప్పినప్పుడల్లా హాలంతా కేకలు. రెండోది దొరల దేశం. ఇంట్లో చెట్టు, చెట్టుకు దీపాలు, తెల్లగడ్డం ముసలాయన ఒకడు సంచి మోసుకొని వచ్చాడు. గౌరమ్మ అతన్ని చూసి దండం పెట్టింది. "యావ మఠం స్వామిగళో పాపం, ముసలితనంలో మూట మోస్తాండారు" అంది.

తర్వాత ఒక వీధి కనిపించింది. ఆకాశం నుంచి తెల్లగా, మెల్లగా, తుంపులు తుంపులుగా రాలడం మొదలైంది. కప్పుల మీద, జనం టోపీల మీద, గుర్రం వీపు మీద.

హాల్లో సుగుణమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. దీనమ్మ ముక్కు మూసుకుంది. రాహేలు మూసుకుంది. వరండాలో నేనూ మూసుకొని ఉన్నాను. ఎప్పుడు మూసుకున్నానో నాకే తెలియదు.

"యాకవ్వా, అందరూ ముక్కులు మూసుకొంటిరి? ఏమన్నా వాసన వస్తాందా?" అని గౌరమ్మ కంగారు పడింది.

ఏసోబు లేచి నిలబడ్డాడు. "యా సేటుదప్పా ఆ ఫ్యాక్టరీ? కప్పు ఎగిరిపోయినట్టుండాది!"

ఖాదర్ సాబు నిజంగానే బాధపడ్డాడు. "ఇంత దూది ఊరికే పోతాంటే ఒక్కడన్నా బోరా పట్టుకోని వచ్చినాడా సూడు. దొరలకు అక్కల్ లేదు భాయ్, బుద్ధి లేదు."

"అది దూది కాదయ్యా, మంచు!" అని డాక్టరమ్మ అరిచింది. అరుస్తూనే నవ్వింది. సుగుణమ్మ కొంగు తీసి, పక్కన దీనమ్మ ముక్కు మీద కొంగు చూసి నవ్వింది. దీనమ్మ నవ్వింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నోరు తెరవకుండా నవ్వాలని చూశాను, కుదరలేదు. పొట్ట పట్టుకొని, కళ్ల నీళ్లు కారేదాకా, గాలి లోపలికి పోతూ బయటికి వస్తూ నవ్వాను. నవ్వు అయిపోయాక దగ్గు కోసం కాచుకున్నాను. ఐదు నెలలుగా నవ్వినా ఏడ్చినా వెనకాలే వచ్చేది. కొంగు చేతిలో పట్టుకొని కూర్చున్నాను. రాలేదు.

హాల్లో అందరూ మంచు చూస్తున్నారు. రాహేలు ఒక్కతి వెనక్కి తిరిగి నన్ను చూస్తోంది.

నాలుగు గంటలకు వేపచెట్టు కిందికి వచ్చాం. ఖాదర్ సాబు బోరాలు ఎక్కించుకొని వచ్చి, లారీ గేటు దగ్గర పెట్టాడు. నేను మూట తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. మీతోనే వస్తానని రాసి చూపించాను. గ్రేసమ్మ చదివింది. దేవదానం డాక్టరమ్మను చూశాడు. "ఇది సగం మందే. ఇప్పుడు పోతే నేను చేసేదేం లేదు. కట్టేసి ఉంచలేను" అందామె. నేను మొండిదాన్నని ఆమెకూ తెలిసింది.

ఏసోబు డప్పును మంట సెగకు కాచుకున్నాడు. నేను చెయ్యి చాపాను. ఎట్లాగూ పోతున్నాను, పాట దించేసి పోదాం అనుకున్నాను. రాహేలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా కంచం కూడా ముట్టని మనిషి అనుకున్నాను కదా, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి, ఆ ఎండలో.

డిసెంబరులో నేను ఆపిన చోట పాట అందుకుంది. చుక్క నడిచిన దారి పాట. గొర్ల కాపరులు చలిమంట వదిలి లేచిన చోట మూడో చరణం మొదలవుతుంది. చలి అన్న మాటకు ఖాదర్ సాబు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. దీని గొంతు ఇంత బాగుంటుందని నాకు తెలియదు. నా గొంతు కింద ఇన్నేళ్లు దాన్ని విననే లేదు. మూడో చరణం అయింది. డప్పు తిరిగింది. నాలుగోదానికి అందరూ ఊపిరి పీల్చారు.

రాహేలు నా చెయ్యి వదిలేసింది.

"నాకు నాలుగోది రాదు" అంది.

"రాకేమి? పదేండ్లుగా పాడతాండావు కదమ్మీ!" అన్నాడు ఆశీర్వాదం.

"వచ్చినా పాడను మామా. ఇది ఆమె పాట. డిసెంబర్లో మీ ఇంటి ముందర ఆమే దించల్ల." నా వైపు తిరిగింది. "అత్తా, నీ పరుపు నేనే కాలిస్తి. డాక్టరమ్మ సెప్తేనే కాలిస్తి. కొత్తది కుట్టి పెట్నాను, దూది నేనే ఏకినా. బిడ్డకు జ్వరమొస్తే అదే రోగమేమోనని ఇన్ని వారాలు కర్నూలుకూ ఇంటికీ తిరిగినాము, అందుకే రాల్యా. దానికేం లేదన్యారు. నువ్వీ పొద్దు లారీ ఎక్కితే నేను దిగుతా. ఈడనే కూచుంటా. ఆ నాలుగో సరణం మాత్రం నా నోట రాదు. నువ్వు కొట్టినా రాదు."

డప్పు ఆగింది. దించని పాట వదిలి చావడం మా పేటలో ఎవరూ చేయరు. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను కట్టేయడానికి డాక్టరమ్మకు దొరకని తాడు దానికి దొరికింది.

ఒళ్లో మూట ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టాను. తర్వాత పలక మీద ఒకే మాట రాసి రాహేలు చేతికి ఇచ్చాను. అది చదవలేక గ్రేసమ్మకు చూపించింది. "డిసెంబరు, అని రాసింది" అంది గ్రేసమ్మ. రాహేలు ఆ పలక నాకు తిరిగి ఇవ్వలేదు. చెరిగిపోకుండా బోర్లించకుండా, రెండు చేతుల్లో పళ్లెం మాదిరి పట్టుకొని లారీ ఎక్కింది. నాకు మర్నాడు గ్రేసమ్మ ఇంకో పలక తెచ్చింది.

ఆ తర్వాత

గౌరమ్మ జూలైలో పోయింది. ముందు రోజు కూడా మంచు గురించే అడిగింది, అది తింటే ఎట్లుంటుందని. ఆమె మంచం ఖాళీ అయిన వారం నేను పలక ముట్టలేదు. మందు మాత్రం ఒక్క పూట మానలేదు. సెప్టెంబరులో నన్ను ఇంటికి పంపారు. చెవి మోత ఇప్పటికీ ఉంది. జిన్నింగు పని వద్దన్నారు, మానేశాను.

1956 డిసెంబరులో ఆశీర్వాదం ఇంటి ముందు నాలుగో చరణం పాడాను. గొంతు పాతది కాదు, గరగర. అయినా దించాను. మరుసటి ఇంటి ముందు పాట రాహేలు ఎత్తుకుంది. నేను వెనక పాడాను. వెనక పాడటంలో ఒక సుఖముంది, ఊపిరి నెమ్మదిగా తీసుకోవచ్చు.

ఒకసారి అడిగాను, ఆపాలని ముందే అనుకొని వచ్చావా అని. "లేదత్తా. దించేకే వచ్చినాను. సినిమాలో నువ్వు నవ్వి దగ్గకపోతివి సూడు, అప్పుడనుకొంటి" అంది.

ఆ రోజు ఆ వేపచెట్టు కింద ఉన్నవాళ్ల పేర్లు రాసి ముగిస్తాను. నాకు రాయడం వచ్చింది వీళ్ల పేర్లు రాయడానికే అనుకుంటాను. సూది పొడిచిన డాక్టరమ్మ. అక్షరాలు నేర్పిన నర్సు గ్రేసమ్మ. డప్పు ఏసోబు. కొంగులతో ముక్కు మూసుకున్న సుగుణమ్మ, దీనమ్మ. డెబ్బై ఏళ్ల వయసులో లారీ ఎక్కి వచ్చిన ఆశీర్వాదం. లారీ ఖాదర్ సాబు. మంచం మీది నుంచి లేచి వచ్చి చప్పట్లు కొట్టిన కౌతాళం గౌరమ్మ. నా కొడుకు దేవదానం. మూట ఒళ్లో పెట్టుకున్న నేను, మార్తమ్మ. నా చెయ్యి వదిలేసిన నా కోడలు రాహేలు.